పొదుగేసిన చెయ్యి

కోళ్ళంటే నాకు ఇప్పటికీ పడదు. కూర వండితే తింటాను, అది వేరే సంగతి. కానీ ఎవరి పెరట్లోనైనా పొదుగుకు కూర్చున్న కోడి కనిపిస్తే నా ముఖం అదోలా మారిపోతుందని మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ చలికాలం సంగతి వాళ్ళకేం తెలుసు?

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా ఆయన దుబాయిలో ఉన్నాడు. ఆర్మూర్‌లో, మార్కెట్ యార్డుకు రెండు గల్లీల వెనక, రెండు గదుల ఇంట్లో అత్తమ్మ, నేను, మా రెండున్నరేళ్ళ బిడ్డ. పొద్దంతా బీడీలు చుట్టేదాన్ని. బిడ్డ ఇంకా పాలు మానలేదు. ఒళ్ళో ఉన్న తునికాకు చేటను పక్కకు నెట్టేసి మరీ నా రైక పట్టుకుని లాగేది. వేపాకు నూరి రాసి చూశాను. చేదని కాసేపు ఏడ్చి, తన గౌను అంచుతో తుడిచి తాగింది. అంత మొండిది, అచ్చం నాలాగే.

చివరికి అందరూ చేసే పనే మేమూ చేశాం. మా వైపు బిడ్డ పాలు మరవాలంటే కొన్నాళ్ళు అమ్మమ్మ ఇంటికి పంపుతారు. మా అమ్మ కమ్మర్‌పల్లి నుంచి వచ్చి దాన్ని చంకనేసుకుంది. "పదిహేను దినాలే బిడ్డా. మల్ల నువ్వే వచ్చి తోల్కపో," అంది. బస్సు కదిలేటప్పుడు బిడ్డ నా వైపు చూడను కూడా చూడలేదు. కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు మీద మేకల్ని లెక్కపెడుతోంది, ఒకటి, ఒకటి, ఒకటి అంటూ. దానికి వచ్చిన లెక్క అంతే.

మూడో రోజు నల్లపెట్ట పొదుగుకు వచ్చింది. అత్తమ్మకు నాలుగు పెట్టలు, ఒక పుంజు. అవే ఆమె లోకం. చలి బాగా ముదిరిన రోజులు, పొద్దున నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కేవి. అలాంటప్పుడు ఎవరూ పొదుగు వెయ్యరు. కానీ ఆ పెట్ట ఖాళీ గంపలో కూర్చుని, లేపితే పొడుస్తోంది. పోయినసారి అత్తమ్మ వేసిన గుడ్లు సగం మురిగిపోయాయి.

"నా చెయ్యి మంచిగ లేదు. ఈసారి నువ్వెయ్యి పిల్లా. నువ్వు పెట్టిన మామిడి తొక్కు ఎన్నడన్న పాడైందా?" అంది.

పెళ్ళైన నాలుగేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. పొంగిపోయాను. గంపలో పొయ్యి బూడిద పోసి, పైన వరిపొట్టు పరిచి, పదమూడు గుడ్లు ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూసి పేర్చాను. కోడి వచ్చి రెక్కలు సర్దుకుని కూర్చుంది. అప్పుడు అంది అత్తమ్మ తాపీగా, "ఇగ ఇర్వయొక్క దినాలు ఊరు దాటకు. పొదుగేసిన చెయ్యి ఊరు దాటితే గుడ్లు మురుగుతయ్."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా అత్తమ్మా? బిడ్డను తెచ్చుకోవాలె గదా!"

"తెల్వనోళ్ళు ఉంటరా? మీ అమ్మ నేర్పలేదా?"

నేర్పింది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లోనూ ఇదే పట్టింపు. రెండు మంచిమాటలు వినేసరికి ఒళ్ళు తెలియలేదు. నా బుద్ధికి ఏం చెప్పను!

ఇక మొదలైంది నా జైలు. అత్తమ్మ పసుపు పనికి కూలికి పోయేది. ఇంట్లో నేను, గంపలో కోడి. రోజుకు ఒక్కసారి దాన్ని లేపి గింజలు, నీళ్ళు పెట్టాలి. అది తిరిగొచ్చేలోపు గుడ్లు చల్లబడకుండా గోనెసంచి కప్పాలి. నా రొమ్ములు గట్టిపడి రాళ్ళయ్యాయి. బట్ట బిగించి కట్టుకున్నా, పక్కింటి పసిపిల్ల ఏడిస్తే చాలు రైక తడిసిపోయేది. బిడ్డ పాలు మరుస్తోందో లేదో గానీ, నాకు మాత్రం మరపు రాలేదు.

పక్కింటి ఫోన్‌కు మా అమ్మ చేసింది. "పసుపు తవ్వుడు మీదున్నం. నాకు ఒక్క పూట తీరుతలేదు బిడ్డా, నువ్వే రావాలె. పోరి మస్తు మంచిగున్నది, నువ్వేం ఫికర్ చెయ్యకు. నిన్ను అడుగుతనే లేదు," అంది. నా మనసు కుదుటపడాలనే అంది పాపం. ఫోన్ పెట్టేసి వచ్చి ఆ రోజు నేను ఒక్క బీడీ చుట్టలేదు.

శుక్రవారం మా ఆయన ఫోన్ చేస్తే మొరపెట్టుకున్నాను.

"ఇర్వై దినాలకు ఏమైతది? అమ్మ చెప్పినట్టు ఇను," అన్నాడు.

"అయితే నువ్వొచ్చి కూసో గంప మీద!" అని పెట్టేశాను. తర్వాత వారం ఆయన ఫోన్ చెయ్యలేదు.

పొదుగేసిన పదహారో రోజు ఇక నా వల్ల కాలేదు. అత్తమ్మ కూలికి పోగానే కోడికి మేత పెట్టి, తలుపు గొళ్ళెం వేసి బస్టాండుకు పోయాను. కమ్మర్‌పల్లి మీదుగా పోయే మెట్‌పల్లి బస్సెక్కాను. గంట ప్రయాణం, పోయి బిడ్డను చంకనేసుకుని మధ్యాహ్నానికి వచ్చేస్తాను, ఎవరికి తెలుస్తుంది? ఊరి పొలిమేరలో పెర్కిట్ వచ్చింది. అక్కడ నాకు చెమటలు పట్టాయి, అంత చలిలో. అత్తమ్మ భయం కాదు, అబద్ధం ఎందుకు? పదో తరగతి పాసైనదాన్ని, ఆ పట్టింపు నేనే నమ్మాను. గుడ్లలో కదులుతున్న పిల్లలు నా వల్ల చచ్చిపోతాయనిపించింది. "ఆపుండ్రి, ఆపుండ్రి" అని కేకేసి దిగిపోయాను. "ఎక్కుడెందుకు దిగుడెందుకమ్మా," అని కండక్టర్ విసుక్కున్నాడు. నడిచి ఇంటికొచ్చాను. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

ఇరవై ఒకటో రోజు పదకొండు పిల్లలు లేచాయి. "చూసినవా నీ చెయ్యి!" అని అత్తమ్మ గల్లీ అంతా చెప్పుకొచ్చింది. నేను సంచి సర్దుకున్నాను. తెల్లారి గంప ఎత్తితే అంచున ఒక పిల్ల కొయ్యబారి పడి ఉంది. మర్నాడు ఇంకోటి.

"గింత చలిల ఇడిసిపెట్టి వోతవా? ఈకలన్న రానీ. నేను కూలికి వోతే ఎవలు చూస్తరు?" అంది అత్తమ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి, సర్దిన సంచి మళ్ళీ విప్పేశాను. అదీ నా తప్పే.

గంపలోకి బల్బు వేలాడదీశాం. పగలు కరెంటు పోయేది. అప్పుడు సీసాల్లో వేడినీళ్ళు పోసి, పాతచీర ముక్కలు చుట్టి పిల్లల పక్కన పెట్టేదాన్ని. నీళ్ళు చల్లారగానే మళ్ళీ కాచాలి. ఒక గంట ఇల్లు కదలడానికి లేదు. చేతులు వేడినీళ్ళకు కమిలిపోయాయి. పెట్ట మాత్రం తన పిల్లల్ని రెక్కల కింద దాచుకుని, నా చెయ్యి దగ్గరికొస్తే పొడిచేది. ఒకరోజు కడుపు మండి చీపురుతో ఒక్కటిచ్చాను. "నీ పిల్లలు నీకాడున్నయ్ గదనే, నా బిడ్డేది?" అని కోడితో కొట్లాడాను. కోడితో! పిచ్చిదాన్నయ్యానా అని నాకే అనుమానం వచ్చింది.

ఈకలు వచ్చాయి. నేను బయల్దేరేసరికి బిడ్డ అమ్మమ్మ ఇంటికి పోయి యాభై రోజులు దాటింది. అత్తమ్మ పల్లిపట్టీల పొట్లం నా చేతిలో పెట్టి, "పోరికియ్యి. తొందరగ తోల్కరా, ఇల్లు బోసిపోయింది," అంది. ఆమె మీద కోపం కూడా సరిగ్గా తెచ్చుకోనివ్వలేదు.

కమ్మర్‌పల్లిలో మా అమ్మ వాకిట్లో పసుపు ఆరబోస్తోంది. పక్కనే బిడ్డ. గౌను నిండా పసుపు, జుట్టు పెరిగి రెండు పిలకలు వేసి ఉంది. నేను గేటు దగ్గరే నిలబడి చేతులు చాచాను. అది నన్ను చూసింది. తర్వాత అమ్మమ్మను చూసింది.

"ఎవరొచ్చిండ్రో సూడు!" అంది మా అమ్మ.

బిడ్డ లేచి ఇంట్లోకి పరుగెత్తింది. సిగ్గుపడిందనుకున్నాను. ఒక నిమిషానికి బయటికొచ్చింది, రెండు చేతులతో స్టీలు గ్లాసు పట్టుకుని, అడుగు అడుగుకీ నీళ్ళు ఒలకబోసుకుంటూ. గ్లాసు నాకందించింది.

"నీళ్ళు తాగుండ్రి," అని చెప్పి, పోయి అమ్మమ్మ చీర వెనక నిలబడింది.

"ఇంటికెవరొచ్చినా నీళ్ళియ్యాలెనని నేనే నేర్పిన. చూడు, ఎంత మంచిగ ఇస్తదో," అని మా అమ్మ మురిసిపోతోంది.

నేను ఆ నీళ్ళు మొత్తం తాగాను. గ్లాసు కింద పెట్టి, అక్కడే వాకిట్లో కూలబడి బావురుమన్నాను. నా ఏడుపుకు బిడ్డ జడుసుకుని అమ్మమ్మ కాళ్ళను ఇంకా గట్టిగా పట్టుకుంది.