మాట్లాడనివాళ్ళను గెంటేసే సర్వర్

రెడీమేడ్ బట్టలు కొన్నవాళ్ళంతా చివరికి ఆల్టరేషన్ అక్క మిషను ముందుకే వస్తారు. ఎంత ఖరీదైన చొక్కా అయినా సరే, ఆవిడ ముందు దాన్ని తిరగేసి కుట్లు చూస్తుంది. ఎవరు ఎలా కుట్టారో తెలిస్తే తప్ప ఆవిడకు తోచదు.

అంతటి మనిషి తన ఆన్‌లైన్ యుద్ధం ఆట సర్వర్‌ను మాత్రం తిరగేసి చూడలేదు. షాపు కట్టేశాక ఆ ఆటలో తుపాకీ పట్టడం ఆవిడకున్న ఒకే ఒక్క పిచ్చి. తోటి ఆటగాళ్ళంతా తాము మాత్రమే ఆడుకునే చోటు, సొంత సర్వర్, ఒకటి కావాలన్నారు. కోడ్ రాయడం రాదు కాబట్టి మైదానాలు, ఆయుధాలు, నియమాలు అన్నీ సర్దిపెట్టి ఉన్న రెడీమేడ్ ప్యాక్ తెచ్చి, పైన పేరు మార్చి, తలుపులు తెరిచేసింది.

ఆ తలుపులోంచే ఒకరోజు 'నత్త' అనే ఆటగాడు వచ్చాడు. అక్క ఆ పేరు మళ్ళీ చదువుకుంది. కంచం ముందు గంటలకొద్దీ కూర్చునే తమ్ముడికి చిన్నప్పుడు తను పెట్టిన పేరది. చుట్టాలందరి ముందు "వీడు ఏ పనీ పూర్తిచేయడు" అని ఆవిడ నోరు జారినప్పటి నుంచి వాడు గడప తొక్కలేదు, ఫోనెత్తలేదు. ఇక్కడ మాత్రం రోజూ వచ్చి, ఒక్క ముక్క టైపు చేయకుండా, ఆవిడ వెనకే నిలబడి కాపు కాసేవాడు. ఆవిడా పలకరించలేదు. పలకరిస్తే ఎక్కడ పారిపోతాడోనని భయం.

ఒక సాయంత్రం నత్త రాలేదు. చూస్తే పేరు పక్కన 'బహిష్కరణ' అని ఉంది. సర్వర్ తనది, గెంటింది కూడా తనేనని తమ్ముడు అనుకుంటాడు కదా.

అప్పుడు తిరగేసింది ప్యాక్‌ను. ఫైళ్ళు ఒక్కొక్కటే విప్పుతుంటే భయంలోనూ పాత సరదా తలెత్తింది. ఎవరు కుట్టారో దీన్ని, ఈ మైదానంలో ఎప్పుడూ వానే ఎందుకు పెట్టారో. వెతగ్గా వెతగ్గా అసలుది దొరికింది. నెలపాటు ఒక్క మాటా టైపు చేయని ఆటగాణ్ణి మరమనిషి కింద జమకట్టి గెంటేయాలని ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన నియమం. దాన్ని పీకేసి, బహిష్కరణ రద్దుచేసి, ఫోన్ కలిపింది. ఈసారి తమ్ముడు ఎత్తాడు.

"గెంటేశావుగా."

"నేను కాదురా. రెడీమేడ్ ప్యాక్ కదా, మాట్లాడనివాళ్ళని అదే తోసేస్తోంది."

"అయితే ఆ రూల్ తీసెయ్."

అక్క తెర వైపు చూసింది. నియమం పీకేసిన చోటు ఖాళీగా కనిపిస్తూనే ఉంది.

"తీయడం నాకు రాదు. నువ్వే ఏదో ఒకటి మాట్లాడుతుండాలి."



"ఏం మాట్లాడను?"

"తిన్నావో లేదో చెప్పు, చాలు."

మర్నాడు ఆట మొదలైంది, నత్త రాలేదు. అక్క గురి ఒక్కటీ తగల్లేదు. సగం ఆట అయ్యాక తెర మీద ఒక మాట పడింది.

"ఇంకా తింటున్నా."