చిప్పకూడు సత్తెమ్మ

హైదరాబాదు ఛత్రినాకలో నాలుగు పాడిబర్రెలు పెట్టుకుని బతికే సత్తెమ్మ నోట ఒకటే తిట్టు: "నీతోని చిప్పకూడు తినిపిస్త!" బస్సు ఆపని డ్రైవరుకైనా, పాలు తాగిన పిల్లికైనా అదే శిక్ష. దొంగకు జైలుకు మించిన బడి లేదని ఆమె గట్టి నమ్మకం.

భర్త మైసయ్య పోయాక ఆ నోరు మూతపడింది. చూడలేక, మేడ మీద అద్దెకుండే లావణ్య మధ్యాహ్నాలు ఒక పుస్తకం చదివి వినిపించసాగింది. పదేళ్లు జైల్లో ఉన్న ఒకాయన రాసుకున్న సొంత కథ అది. గదికి అరవై మంది. ఒకడు పక్కకు తిరగాలంటే వరసంతా తిరగాలి. జ్వరంతో పడి ఉన్న తోటి ఖైదీ రొట్టెను తానే దొంగిలించి తిన్నానని కూడా దాచకుండా రాశాడాయన.

"థూ! జైల్ల సుత దొంగతనమేనా? ముయ్యి పుస్తకం," అంది సత్తెమ్మ.

లావణ్య మూసింది. ఆమె లేచి మెట్లెక్కబోతుంటే సత్తెమ్మే అడిగింది: "గా జరమొచ్చినోడు బతికిండా?"

ఆ వారమే, బర్రెలు కడిగే మల్లన్న తవుడు బస్తా ఎత్తుకుపోతూ దొరికాడు. సత్తెమ్మకు పాత నోరు తిరిగొచ్చింది. బస్తాతో సహా వాణ్ణి ఆటోలో వేసుకుని ఠాణాకు పోయింది.

"ఏం పోయింది?" అని జవాను కాగితం తీశాడు.

"తవుడు బస్తా. సారూ, లోపలేస్తే వీడు పండనీకె జాగ ఉంటదా?"

"పెండ్లి విడిదా అమ్మా గిది? సక్కగ చెప్పు."

సత్తెమ్మ మల్లన్న వంక చూసింది. వాడు వణుకుతున్నాడు. ఆఖరి రోజుల్లో మైసయ్య కూడా అట్లాగే వణికాడు.

"ముందుగాల నా మీద రాయి సారూ. నేను సుత దొంగనే."

"నువ్వేం దొంగిలిచ్చినవ్?"

"దుప్పటి. దవఖానల మా ఆయనకు సలివెడుతుంటే పక్క మంచమాయనది గుంజి కప్పిన."

"ఆయన పేరు?"

"అడగలే. నిద్రవోతుండె."

జవాను పెన్ను పడేశాడు. "అమ్మా, నువ్వు పట్టియ్యనీకె వచ్చినవా, పట్టువడనీకె వచ్చినవా?"

 సత్తెమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని బయటికి నడిచింది. బస్తా మోసుకుంటూ మల్లన్న వెనకే వచ్చాడు.

"మాఫ్ చేసినవా అమ్మా?"

"మాఫ్ లేదు గీఫ్ లేదు. మూడు గొట్టింది, పాలు పిండాలె, బర్లు ఒర్రుతుంటయి."

ఆటో ఎక్కింది. మల్లన్న కాలు పెట్టబోతే నెట్టేసింది.

"నువ్వేడికిరా? నెత్తిన వెట్టుకొని నడిసి రా. చారెడు తవుడు రాలిందో, సూడు మల్ల!"