ఇంజనుకు కట్టిన పాలక్యాను

పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని కుందిలో నువ్వులనూనె పోస్తుంటే నా వేళ్ల నుంచి ఇంకో నూనె వాసన వచ్చింది. నిన్న సాయంత్రం సబ్బుతో రెండుసార్లు, సీకాయపొడితో ఒకసారి రుద్ది కడిగినా పోని వాసన అది. కాలిన నూనె, పెట్రోలు ఆవిరి, తడి ఇనుము కలిసినట్టుంటుంది. ఒకప్పుడు మా అమ్మ ఆ చేతులతో దేవుడి పటాలు ముట్టుకోనిచ్చేది కాదు. నాకు ఆ పట్టింపు లేదు. నాకు అన్నం పెట్టిన వాసన దేవుడికి కిట్టకుండా పోతుందా అనుకుని వత్తి వెలిగించాను. వెలిగించి, రోజూ చెప్పుకునే పేర్ల వరసలో గంగులప్ప మామ పేరు కూడా చెప్పుకున్నాను. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. పుంగనూరులో మా ఇంటి వెనక గోడకు ఆనుకుని రేకుల షెడ్డు వేసుకుని చిన్న కార్లు బాగుచేసిన మనిషి. అవసరం లేకుండా ఇంజను విప్పడని ఆయనకు పేరు. ఆ ఒక్క పేరు మీదే ముప్పై ఏళ్లకు పైగా షెడ్డు నడిపాడు. ఒక చలికాలంలో ఆ పేరు పోబోయింది. పోకుండా ఎట్లా నిలిచిందో నేను కళ్లారా చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

నాకు పుట్టినప్పటి నుంచీ ఆయాసం. నాలుగడుగులు వేస్తే పిల్లికూతలు వచ్చేవి. అందుకని బడికి పంపలేదు. అమ్మ భజన పుస్తకంలోనే అక్షరాలు దిద్దించింది, నాన్న పాత వార్తాపత్రికలు చదివించాడు. మిగిలిన చదువు గోడ అవతలి నుంచి వచ్చింది. మంచంలో పడుకుని వింటూ ఏ బండి నలతగా ఉందో, ఏది బాగుపడిందో చెప్పగలిగేదాన్ని. నాన్న పోయాక మాకు ఆయన మూడు సిలిండర్ల పాత కారు మిగిలింది. నడపడం నేర్చుకుని, ముసలివాళ్లను మదనపల్లె ఆసుపత్రులకు తీసుకుపోయి తీసుకొచ్చే పని మొదలుపెట్టాను. మందుల పుణ్యమా అని అప్పటికి నా ఊపిరి కొంత కుదుటపడింది గానీ కారు ఊపిరి చెడింది. ఎత్తు రోడ్డు వస్తే దగ్గేది, ఆగినచోట వణికేది, నూనె తాగేది.

గంగులప్ప మామ బానెట్ ఎత్తి, గాలి పోయే గొట్టం ఊడదీసి లోపల వేలు పెట్టాడు. వేలు నల్లగా, జిగటగా బయటికొచ్చింది. "సూడు పాపా," అన్నాడు, "ఇంజను కూడా ఊపిరి వదల్తాది. ఆ ఊపిరిలో నూనె తుంపర ఉంటాది. కంపెనీవోళ్లు దాన్ని ఈ పైపులో మళ్లీ దాని నోట్లోకే తోస్తారు. వయసులో ఉన్నంతకాలం తట్టుకుంటాది. ముసల్దయినాక తుంపర ఎక్కువైతాది, ఇదిగో, ఇట్ల గొంతు పూడుకుంటాది." ఆయాసం మనిషిని నేను. ఆ మాట నాకు ఇంకెవరికన్నా బాగా అర్థమైంది.

ఆయన చేసింది ఇప్పటి కుర్రకారు ఆయిల్ క్యాచ్ ట్యాంకు అంటున్నదే. కొనే సరుకు మన ఊళ్లలో దొరికేది కాదు. మదనపల్లె పాత్రల అంగట్లో లీటరు పాలు పట్టే స్టీలు క్యాను కొన్నాడు. పైభాగంలో రెండు ఇత్తడి ముక్కులు అతికించాడు, ఒకటి ఊపిరి లోపలికి రావడానికి, ఒకటి బయటికి పోవడానికి. లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు కూరాడు. ఆవిరి ఆ పీచులో చిక్కి చల్లబడుతుంది, నూనె చుక్కలై అడుగుకు దిగుతుంది, శుభ్రపడిన గాలి మాత్రం ఇంజనుకు పోతుంది. అడుగున చిన్న కొళాయి. దాన్ని వేడి తగలని మూల, నిటారుగా, బానెట్ ఎత్తగానే కనబడేటట్టు బిగిస్తుంటే ఎదురుగా ఉన్న టీ అంగడి నాగరాజు గ్లాసులు పట్టుకుని వచ్చాడు.

"ఏంది గంగులప్పా, ఇంజనుకు పాలక్యాను కట్నావే! పొద్దున ఒకపూట, సాయంత్రం ఒకపూట పిండాల్నా?"

"పిండితే తప్పేముండాది? నీ క్యానులో నీళ్లెన్ని ఉండాయో నీకొక్కడికే తెలుసు. దీంట్లో నీళ్లుంటే ఊరందరికీ తెలుస్తాది."

నాగరాజు నవ్వుతూనే టీ ఇచ్చి అంగడికి పోయాడు.

షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. క్యాను బిగించిన నెలకు బండి యజమాని తప్పకుండా రావాలి, వచ్చి తన చేత్తోనే కొళాయి తిప్పాలి. స్నానాల గదికి వేయగా మిగిలిన తెల్ల టైలు ఒకటి మామ దగ్గర ఉండేది. దాని మీద చుక్కలు పట్టి, ఎండలోకి తెచ్చి, ఏం కనబడుతోందో యజమానినే చెప్పమనేవాడు. "నేను జెప్తే నమ్మాల్సొస్తాది. నువ్వు సూస్తే నమ్మే పని లేదు గదప్పా," అనేవాడు. నల్లగా నీళ్లలా ఉంటే నూనె మార్చే కాలం వచ్చినట్టు. గోధుమరంగులో జిగురుగా ఉంటే మామూలు. పెట్రోలు కంపు కొడితే ఇంకోచోట వెతకాలి. నేను మొదటిసారి కొళాయి తిప్పినరోజు నాలుగు చెంచాల నూనె పడింది. ఇంతా నా కారు గొంతులోకి పోతూ ఉండిందా అని దాని మీద జాలేసింది. ఆ రోజు నుంచి కిరాయి లేని పూటల్లో షెడ్డులోనే ఉండేదాన్ని. అమ్మ రెండు వారాలు సణిగింది. తర్వాత మామకు కూడా క్యారియర్ సర్దడం మొదలుపెట్టింది.

నేర్చుకున్నానని గర్వం వచ్చింది, దాని వెంటే తప్పూ వచ్చింది. నూనె పారడం కంటికి కనబడితే బాగుంటుందని ఆయన వేసిన నల్ల రబ్బరు పైపు తీసేసి, నీళ్ల మోటారుకు వాడే అద్దంలాంటి పైపు వేశాను. ఎంత ముచ్చటగా ఉండిందో! ఇద్దరు ముసలమ్మలను ఎక్కించుకుని పోతుంటే చౌడేపల్లె దగ్గర బానెట్ కింద నుంచి పొగ లేచింది. వేడికి ఆ పైపు మెత్తబడి చప్పిడైపోయింది. ఊపిరి పోయే దారి మూసుకుపోయి, లోపలి ఒత్తిడి నూనె కొలిచే కడ్డీని పైకి తన్నేసింది. ఇంజనంతా నూనె మయం. ముసలమ్మలు దిగి దండం పెట్టుకోవడం మొదలుపెట్టారు. కబురు అందుకుని మామ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. బానెట్ ఎత్తి, మెత్తబడిన పైపును వేలితో నొక్కి చూశాడు.

"యాల మార్చినావు పాపా?"

"నూనె కనబడతాదని, మామా."

"కండ్లకు కావాలనుకున్నావు, దాని ముక్కు సంగతి మర్సినావు. నీకే తెలియకపోతే ఇంగెవురికి తెలుస్తాది?" అని, చేతిలో కొత్త రబ్బరు పైపు పెట్టి, తను పోయి ముసలమ్మలతో కబుర్లలో కూర్చున్నాడు. ఆ రోడ్డు పక్కన ఏడుస్తూనే బిగించాను. బిగించాక ఆయన క్లిప్పులను తడిమి కూడా చూడలేదు. ముందు సీట్లో కూర్చుని "పోనీ" అన్నాడు.

ఇక ఆ చలికాలం సంగతి. వెంకటగిరికోటలో పట్టుగూళ్ల వ్యాపారం చేసే మంజునాథ ఒక పొద్దున తన కారును మినీ లారీ మీద ఎక్కించి తెచ్చాడు. రెండేళ్ల కిందట మామే దానికి క్యాను బిగించాడు. ఈసారి కొళాయి తిప్పితే నూనెకు బదులు తెల్లటి చిక్కటి ద్రవం పడిందట. అక్కడ ఎవరో చూసి, ఇంజను తలభాగం కింద ఉండే పట్టీ, హెడ్ గాస్కెట్ పోయింది, రేడియేటరు నీళ్లు నూనెలో కలిశాయి, స్టార్ట్ చేస్తే ఇంజను మిగలదు అన్నారట. అంత ఖర్చు, అన్ని రోజులు. ఇంట్లో చూస్తే నెలలు నిండిన కూతురు, ఏ పూటయినా కుప్పం ఆసుపత్రికి పరుగెత్తాలి. అతను లారీ దిగుతూనే అరిచాడు.

"నీ పాలక్యాను కట్టినాకే నా ఇంజను పొయ్యింది పెద్దాయనా! ముందు అది పీకేయ్. తర్వాత హెడ్డు విప్పు."

నాగరాజు అంగడి దగ్గర ఉన్నవాళ్లంతా గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. మామ అరుపుకు అరుపు బదులివ్వలేదు. "ముందు సూద్దాం ఉండప్పా," అని టైలు తెచ్చి పట్టాడు. మంజునాథ కొళాయి తిప్పాడు. మజ్జిగలో పసుపు కలిపినట్టున్న ముద్ద పడింది. మామ వంగి చూశాడు. ఇంకా వంగాడు. చూపుడువేలు పెట్టాడు, అది ముద్దకు అంగుళం ఇవతల ఖాళీ టైలు మీద పడింది. కొన్ని నెలలుగా స్పానరు నంబర్లు నన్ను చదవమనడం, సాయంత్రం పని పట్టకపోవడం అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆయన కళ్లకు ఏదీ సరిగా కనబడటం లేదు. ఇప్పుడు ఆయన ఏదో ఒకటి అనేయవచ్చు. విప్పుదాం అంటే ఎవరూ తప్పుపట్టరు. విప్పొద్దు అని, అది తప్పయితే, ఒక కడుపుతో ఉన్న పిల్ల రోడ్డు మీద నిలబడిపోతుంది, షెడ్డుకు తాళం పడుతుంది.

ఆయన నిటారుగా లేచి, అందరికీ వినబడేటట్టే అన్నాడు. "పాపా, నాకు కనపడలే. నువ్వు సూసి జెప్పు."

ఎవరో కిసుక్కున నవ్వారు. "కండ్లు కనపడనాయన, దమ్ము రోగం ఆడమనిషి, బాగుండాది షెడ్డు!" అన్నాడు మంజునాథ. మనసులో వేంకటేశ్వరుణ్ని తలుచుకుని, మామ దగ్గర విన్నవన్నీ ఒక్కొక్కటే చేశాను. నూనె కొలిచే కడ్డీ లాగాను, నూనె శుభ్రంగా ఉంది, తెలుపన్నది లేదు. రేడియేటరులో నీళ్లు గీత దాకా ఉన్నాయి, ఒక్క చుక్క తగ్గలేదు. రేడియేటరు మూత తీసి ఇంజను స్టార్ట్ చేస్తుంటే మంజునాథ నా చెయ్యి పట్టుకోబోయాడు, మామ అడ్డు నిలిచాడు. గాస్కెట్ పోయుంటే లేవాల్సిన బుడగలు నీళ్లలో లేవు. పొగగొట్టం దగ్గర ముక్కు పెట్టి చూశాను, రేడియేటరు నీళ్ల తియ్యటి వాసన లేదు.

"ఇంటి నుంచి మీ మండీ ఎంత దూరమన్నా?" అని అడిగాను.

"రెండు కిలోమీటర్లు. యాల?"

"ఈ చలిలో రోజూ తెల్లారి అంతే నడుపుతాండారా?"

"అంతే. కొడుకు బెంగుళూరుకు పోయినకాడ్నించి దూరం తిప్పేవాళ్లు యాడుండారు?"

"అయితే విప్పొద్దు. ఇది రేడియేటరు నీళ్లు కాదు, చలిలో ఇంజను ఊపిరికి పట్టిన చెమ్మ. వేడెక్కేలోపే ఆపేస్తాండారు, అది ఆరిపోయే దారి లేక క్యానులో నూనెతో కలిసి ఇట్లయింది. క్యాను లేకపోయుంటే ఇదంతా ఇంజను మింగేది."

"దారిలో నిలబడిపోతే ఎవురిది పూచీ?"

మామ వైపు చూశాను. ఆయన టైలు తుడుచుకుంటూ ఉన్నాడు, ఈ జవాబు నాకే వదిలేశాడని తెలిసింది. "నేనే నడుపుతాను. ఇప్పుడే కుప్పం దాకా పోయొద్దాం. నిలబడితే హెడ్డు విప్పే ఖర్చు నాది," అన్నాను. అంత మాట నా నోటి నుంచి ఎట్లా వచ్చిందో ఈనాటికీ తెలియదు.

క్యాను కడిగి బిగించి బయల్దేరాం. మామ వెనక సీట్లో కళ్లు మూసుకుని ఇంజను వింటూ కూర్చున్నాడు. పలమనేరు దాటేదాకా మంజునాథ వేడి చూపే ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. అది సగం దగ్గర నిలిచి, కుప్పం చేరేదాకా అక్కడే ఉంది. వెనక్కి వస్తూ వెంకటగిరికోటలో అతని ఇంటి ముందు ఆపాం. టైలు పట్టి కొళాయి తిప్పమన్నాను. మొదట ఏమీ రాలేదు. తర్వాత నాలుగు చుక్కలు పడ్డాయి. గోధుమరంగు, జిగురు, తెలుపు లేదు. కూతురు గడపలో నిలబడి చూస్తోంది. మంజునాథ ఆ టైలును రెండుచేతులా పట్టుకుని ఎండలో అటూ ఇటూ తిప్పి, వచ్చి మామకు నమస్కారం పెట్టాడు.

"నీ మాట నిలబడింది పెద్దాయనా."

"నా మాట యాడిదప్పా? నాకు కండ్లే కనపడలే గదా. జెప్పింది ఆ బిడ్డ. దండం పెట్టేదుంటే ఆడ పెట్టు."

పెట్టాడు. నేను ఏం చేయాలో తెలియక బానెట్ వేశాను. నాలుగో రోజు తెల్లవారుజామున అదే కారులో కూతురు కుప్పం పోయింది, మనవరాలు పుట్టిందని మిఠాయి పొట్లం పంపాడు. ఆ వారమే మామను మదనపల్లె తీసుకుపోయి రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయించాం. చూపు వచ్చాక కూడా ఆయన టైలును ముందు బండి యజమానికి చూపి, తర్వాత నన్నే అడిగేవాడు, తన మాట చివరన చెప్పేవాడు. పోయిన ఏడాది నిద్రలోనే వెళ్లిపోయాడు. షెడ్డు ఇప్పుడు నేను నడుపుతున్నాను.

ఆయన నుంచి నాకు పని వచ్చింది, అన్నం వచ్చింది, రోడ్డు మీద తలెత్తుకుని నడిచే ధైర్యం వచ్చింది. అన్నిటికన్నా బరువుగా మోస్తున్నది మాత్రం ఆ ఒక్క మాట, "నాకు కనపడలే." అంతమంది ముందు, తన పేరే పణంగా ఉన్న పూట, ఆ మాట అనగలిగిన మనిషి దగ్గర నేను పని నేర్చుకున్నాను. మొన్న ఒక కొత్త కారు వచ్చింది. దాని కంప్యూటరు చూపిస్తున్న తప్పు ఏమిటో నాకు అంతుపట్టలేదు. యజమాని ఎదురుగానే మదనపల్లెలో ఇంకో షెడ్డు ఆయనకు ఫోను చేసి, నాకు తెలియడం లేదన్నా, చెప్పండి అని అడిగాను.

యజమాని ఆశ్చర్యపోయాడు. "మీకు తెలియంది కూడా ఉండాదా అక్కా?"

"ఉండాదప్పా," అన్నాను, "అందుకే అడుగుతాండా." అతను బండి తాళం నా చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లాడు.