విడాకుల పాటకు స్తోత్రం

మా పెదనాన్న కొడుకు ప్రభుదాస్ అన్న తన విడాకుల మీద రాక్ పాట రాశాడు. మా ఊరు బోగోలులో డ్రమ్స్, గిటారు, కీబోర్డు ఒకచోట దొరికేది మా చర్చిలోనే కాబట్టి, ఈ సాయంత్రం క్వయర్ ప్రాక్టీసు అయ్యాక అక్కడే పాడి చూద్దామన్నాడు. చిక్కేమిటంటే, క్వయర్‌లో కీబోర్డు వాయించేది సునీత వదిన. ఆ పాటలో ఇల్లు వదిలి వెళ్ళిపోయింది ఆమే.

వదిన కీబోర్డు ముందు కూర్చుని వాయించింది. అన్న కళ్ళు మూసుకుని "నా ఇల్లు ఖాళీ చేసి పోయినావే" అని గొంతు చించుకున్నాడు. వెనక బెంచీలో ఉన్న పెద్దావిడలు అలవాటుకొద్దీ చేతులెత్తి "స్తోత్రం!" అన్నారు. "నా గుండె ముక్కలు చేసినావే" అన్నాడు. "హల్లెలూయా!" అన్నారు. డ్రమ్స్ కొడుతున్న నేను నవ్వాపుకోలేక వాటి వెనక తల దాచుకున్నాను.

రెండో చరణంలో వదిన టక్కున ఆపేసింది.

"ఏంది సునీతా?" అన్నాడు అన్న.

"నేను ఎళ్ళిపోయే కాడ పాటను మరీ పరిగెత్తిస్తుండావు. నేనంత తొందరగా పోలేదు. వాకిట్లో శానాసేపు నిలబడినా. నువ్వే బయటికి రాలేదు."

అన్న నావైపు తిరిగి, "ఆడ నిదానంగా కొట్టరా" అన్నాడు.

నిదానంగానే కొట్టాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. పాట అయ్యాక మాత్రం ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఆదివారం ఇదే పాడండయ్యా" అంది.

పాస్టర్ గారు ఇది ఏ సందర్భంలో పాడే కీర్తన అని అడిగితే ఏం చెప్పాలో, కాస్త మీరే సలహా ఇవ్వండి.