ఎంతమంది సత్యనారాయణలు?

మొన్న నాన్నగారికి జ్వరమని రాజమండ్రిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఫినాయిల్ వాసన మధ్య కౌంటర్ దగ్గర నిలబడ్డాం. లోపలి అమ్మాయి కంప్యూటర్ తెర వైపు చూస్తూ, "సర్వర్ బిజీ అండి, కాసేపు కూర్చోండి" అంది. నా ఒళ్లు మండిపోయింది. ఆ అమ్మాయి మీద కాదు. సరిగ్గా పరీక్షించకుండానే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఆమె ముందు పెట్టిపోయిన పెద్దమనుషుల మీద. వెంటనే రత్నకుమారి మేడమ్ గుర్తొచ్చారు.

ఆవిడ మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగ్ చూసేవారు. రోజూ కొవ్వూరు నుంచి వంతెన దాటి వచ్చేవారు. నేను ఆవిడ కిందే పని నేర్చుకున్నాను. అప్పట్లో ఒక ఆసుపత్రికి రోగుల డేటాబేస్ తయారుచేస్తున్నాం. పరీక్ష కోసం మావాళ్లు లక్షల పేర్లు కల్పించి నింపారు. ఒక పేరు ఇంకో పేరుతో కలవదు. ఏది వెతికినా రెప్పపాటులో దొరికేది. అందరూ చప్పట్లు కొట్టారు.

మేడమ్ మాత్రం, "ఇది ఏ ఊరండీ?" అన్నారు. "చర్చికెళ్లేదాన్ని నాకే తెలుసు, మీకు తెలీదా? అన్నవరం దేవుడి పేరున్న మనిషి లేని వీధుందా మన గోదావరి జిల్లాల్లో? వీధికి పదిమంది సత్యనారాయణల్ని నింపి, అన్ని కంప్యూటర్లలోనూ ఒకేసారి ఆ పేరు వెతకండి, చూద్దాం."

అలాగే నింపి వెతికాం. తెరలన్నీ కొయ్యబారిపోయాయి.

మా ఎండీ గారికి చూపిస్తే విసుక్కున్నారు. "సోమవారం ప్రారంభోత్సవం మేడమ్! అందరూ ఒకేసారి వచ్చేస్తారేంటి?"

"వస్తారండి. పల్లెల నుంచి మొదటి బస్సు దిగినవాళ్లంతా ఒకేసారే వస్తారు. పరీక్ష పాసైందని నేనైతే సంతకం పెట్టను."

ఇంకెవరి చేతో పెట్టించుకున్నారు. సోమవారం ఆసుపత్రిలో రిబ్బన్ కత్తిరించిన గంటకే అంతా ఆగిపోయింది. జ్వరంతో వణుకుతూ ఒక ముసలాయన నేలమీదే కూలబడ్డాడు. "మా ఆయన పేరు ఇంకా దొరకలేదా అమ్మా?" అని ఆయన భార్య కౌంటర్ పట్టుకుని అడుగుతోంది. అప్పుడు ఎండీ గారు హాలు మధ్యలో నిలబడి, "టెస్టింగ్ వాళ్ల నిర్లక్ష్యం" అంటూ మేడమ్ వైపు వేలు చూపించారు. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే! సిగ్గుండాలి కదా మనిషన్నాక.

మేడమ్ వాదించలేదు. "తప్పు నామీదే వేసుకోండి. ముందు ఆ పెద్దాయన పేరు చేత్తో రాసి లోపలికి పంపండి" అన్నారు. ఆ వారమే ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత ఆవిడ చెప్పినట్టే సరిచేశారు, ఆవిడ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు టెస్టు పాసైందంటూ వస్తే, "ఇందులో సత్యనారాయణలు ఎంతమంది?" అని అడుగుతాను. నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

మొన్న కౌంటర్ దగ్గర ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. "పేరు ఇంకోసారి చెప్పండి సార్?"

నాన్నగారు నీరసంగా, "సత్యనారాయణ" అన్నారు.

తెర మళ్లీ ఆగిపోయింది. నేను కౌంటర్ మీదున్న పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టాను. "ముందు చేత్తో రాసి లోపలికి పంపమ్మా" అన్నాను.