ఎక్స్‌రేలో కనపడని నొప్పి

చికున్‌గున్యా వచ్చిన ఏడాది మా ఏలూరులో మంచం పట్టని ఇల్లు లేదు. నాకూ వచ్చింది, అమ్మకూ వచ్చింది. పది రోజులకి నేను లేచి తిరిగాను. అమ్మకి జ్వరం తగ్గింది గానీ చేతుల నొప్పులు తగ్గలేదు. పొద్దున్నే పిడికిలి ముడుచుకునేది కాదు. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేది.

ఇద్దరం తివాచీలు నేసేవాళ్ళం. ఒకే మగ్గం ముందు పక్కపక్కన కూర్చుని ఉన్ని ముడులు వేయాలి. ఒకరు ఆగితే వరస అక్కడే ఆగిపోతుంది. ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. నాకు ఆ మాట చాలు.

"ఎక్స్‌రేలో ఏమీ లేదుగా! నాకు తగ్గింది, నీకెందుకు తగ్గదు? పని ఎగ్గొట్టడానికి కాకపోతే?" అన్నాను.

అమ్మ అబద్ధమాడి ఎరగదు. ఎవరైనా వస్తే నేను ఇంట్లో లేనని చెప్పమన్నా చెప్పేది కాదు. "ఆ నోటితో ఆదివారం చర్చిలో ఎలా పాడతానే?" అనేది. అంతా తెలిసే ఆ మాట అన్నాను. నా నోరు అలాంటిది. అమ్మ మణికట్టుకి పాతగుడ్డ చుట్టుకుని మగ్గం ముందు కూర్చుంది. అలా ఐదు నెలలు కూర్చుంది.

ఒకరోజు ముడి వేస్తుండగా ఆవిడ కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు వాలిపోయాయి. ఎంత ప్రయత్నించినా లేవలేదు. అప్పుడు వేసింది నాకు భయం.

స్కానింగ్ సెంటర్లో అందరూ కడుపుతో ఉన్నవాళ్ళే. వాళ్ళ మధ్య కూర్చోవడానికి అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. లోపల డాక్టరమ్మ మణికట్టుకి జెల్ రాసి, మిషను ఆనించి, తెర మీద నల్లటి మచ్చలు చూపించింది.

"ఈ నలుపంతా కీళ్ళ చుట్టూ చేరిన నీరండీ. ఎక్స్‌రేలో కనపడదు. వేళ్ళని పైకి లేపే టెండన్లు ఇదిగో, ఇక్కడ తెగిపోయాయి. ఆపరేషన్ చేసినా మునుపటిలా పనికి రావడం కష్టమండీ."

అమ్మ తెరకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇంత వాపుతో ఇన్నాళ్ళు పని ఎవరు చేయించారండీ?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది.

నేనేనని చెప్పాలనుకున్నాను.

"ఎవరూ చేయించలేదండీ," అంది అమ్మ. "మా అమ్మాయి వద్దంటానే ఉందండి. నేనే వినలేదు."

ఆ ఆదివారం అమ్మ చర్చికి వెళ్ళలేదు.