నల్లకొండకు మెట్లదారి

అక్కయ్య పోయిందన్న కబురు నేను మెట్ల మీద ఉండగా వచ్చింది. పొద్దున్నే ఆవిడ కుక్కను తిప్పడానికి కిందికి దిగుతున్నాను. కాకినాడ నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "మామయ్యా, అమ్మ లేదు" అంది. తర్వాత ఆ పిల్ల ముందుగా అడిగింది కుక్క సంగతే. "బెల్లం తింటోందా?" బెల్లం అంటే ఆ కుక్కే. తింటోందని చెప్పాను. కడుపునొప్పికి పరీక్షలు చేయించుకుని పది రోజుల్లో వచ్చేస్తానంటూ దాన్ని వేసవిలో మా ఇంట్లో వదిలి వెళ్ళిన మనిషి, వానాకాలం పూర్తి కాకుండానే వెళ్ళిపోయింది.

ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. దోహాలో, అల్ మన్సూరాలో మా పై అంతస్తులో ఉండేది. ఆవిడది కోనసీమ, నాది జగిత్యాల. భర్త పోయాక కూడా ఒక కంపెనీలో అకౌంట్స్ చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయింది. ఒంటరిగా ఉంటోందని ఎవరైనా అంటే ఒప్పుకునేది కాదు, బెల్లం ఉందిగా అనేది. అల్ తుమామాలో ఒక ఖాళీ స్థలం పక్కన దొరికిన ఎడారి కుక్క అది. పొడుగు కాళ్ళు, సన్నటి నడుము, పాత బెల్లం రంగు.

నాకు కుక్కలంటే భయం. లిఫ్టు పాడైన రోజున మెట్ల మలుపులో ఆ ఇద్దరూ ఎదురయ్యారు. నేను గోడకు అతుక్కుపోయాను.

"అక్కా, జర దాన్ని గట్టిగ పట్టుకోండ్రి. చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులేసిండ్రు నాకు."

"అయితే నువ్వు గోడ వైపే నడు తమ్ముడూ. ఇది రెయిలింగు వైపు నడుస్తుంది. ఎవరి దారి వాళ్ళది" అంది ఆవిడ తాపీగా.

లిఫ్టు బాగైంది కానీ ఆవిడ మాత్రం ఎక్కలేదు. ఎప్పుడూ ఎక్కేది కాదట. ఎందుకని అడిగితే, కొండెక్కడానికి సాధన అంది. నేను నవ్వాను. ఫ్లైఓవర్ తప్ప ఎత్తు అన్నదే లేని ఊళ్ళో కొండకు సాధనేమిటి?

"అందుకేనయ్యా" అంది. "కోనసీమలో పుట్టాను, కతార్‌లో బతుకుతున్నాను. పుట్టినప్పట్నుంచీ నాకు చదును నేలే. భూమి లేచి నిలబడ్డ చోటొకటి చూడాలి."

ఆ చోటు కూడా ఆవిడ ఎంచి పెట్టుకుంది. సౌదీలో ఖైబర్ వైపు, చల్లారిన అగ్నిపర్వతాల మధ్య ఒక నల్లకొండ. దాని నెత్తిన పెద్ద గొయ్యి ఉంటుంది. ఆ గోతి అంచున నిలబడి లోపలికి చూడాలని ఆవిడ కోరిక. బెల్లంతో కలిసి చూడాలని.

నాకు షుగర్ వచ్చిందని తెలిశాక నన్నూ వదల్లేదు. రేపట్నుంచి నడుస్తానని తప్పించుకోబోతే, "ఆ రేపు, బుక్రా కబుర్లు మీ ఆఫీసులో చెప్పుకో. నాకు చెప్పకు" అని చెప్పులు వేయించింది. అలా రోజూ పొద్దున్నే మా ముగ్గురి మెట్ల ప్రయాణం మొదలైంది. ముందు నేను, మధ్యలో బెల్లం, వెనక ఆవిడ. ముందు నడవమంటే నడిచేది కాదు. "ముందుంటే వెనకవాళ్ళు ఆగిపోయారో లేదో తెలియదు" అనేది. బెల్లం కూడా ఆ పద్ధతే నేర్చుకుంది. ప్రతి మలుపులోనూ ఆగి, వెనక్కి తిరిగి, ఆవిడ తల కనిపించాకే మళ్ళీ కదిలేది. నేను ఎంత పిలిచినా లాభం లేదు.

ఎండాకాలంలో ఫుట్‌పాత్ మీద దాని పాదాలు కాలతాయని నాలుగు చిన్న రబ్బరు బూట్లు కొంది. అవి తొడిగి వీధిలో నడిపిస్తుంటే జనం ఆగి మరీ చూసేవారు. మా ఆవిడైతే "మనుషులకు లేని సోకులు దానికెందుకు" అని గొణిగేది. అక్కయ్య విననట్టే ఉండేది.

క్రితం ఏడాది చలికాలంలో ఒక హైకింగ్ బృందంతో బయల్దేరాం. కుక్క వద్దన్నారు వాళ్ళు. ఆవిడ వాదించలేదు. సరిహద్దు దాటించడానికి దాని టీకాల కాగితాలన్నీ సిద్ధం చేసి, నా కారులో వెనక సీటు మీద దుప్పటి పరిచి, "మేం మీ వెనకే వస్తాం, మీకేం ఇబ్బంది?" అంది. రెండు రోజుల ప్రయాణంలో మరమరాలూ వేరుశనగపప్పూ డబ్బాలోంచి నాకో గుప్పెడు, దానికో గుప్పెడు.

అక్కడి నేల కనుచూపు మేరా కొలిమి దగ్గర పారబోసిన నల్లటి ఇనుప చిట్టెంలా ఉంది. కొండ మీద రాళ్ళు కాలు పెడితే జారుతున్నాయి. ఒక అడుగు ఎక్కితే సగం అడుగు కిందికి వస్తున్నాం. నేను తలెత్తి ఇంకెంత ఉందో చూసి డీలాపడ్డాను. "పైకి చూడకు తమ్ముడూ, ముందున్న కాళ్ళు చూడు" అని వెనక నుంచి వినిపించింది. కొండ మీద బెల్లం నన్ను దాటిపోయింది, నాకు ముందు దాని కాళ్ళే ఉన్నాయి. వాటినే చూస్తూ ఎక్కాను.

వాటినే చూడబట్టి రక్తం అందరికంటే ముందు నా కంట పడింది. రబ్బరు బూట్లు పీలికలైపోయాయి. గల్ఫ్‌లో ఇన్నేళ్ళు బతికాక నేల కాలుతుందనే మాకు తెలుసు, కోస్తుందని తట్టలేదు. అంచు అక్కడే కనిపిస్తోంది. కుక్కను కిందికి తీసుకెళ్ళమని బృందం డ్రైవర్‌కు అప్పగించి మీరు వచ్చేయండి, కాసేపటి పనేగా అన్నాడు బృందం పెద్ద.

ఆవిడ ఒక్కసారి అంచు వైపు చూసింది. తర్వాత కూర్చుని, తన బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళు తీసి, రక్తం కారుతున్న బెల్లం రెండు కాళ్ళకు తొడిగింది. "దాన్ని కింద కట్టేసి నేను పైన చూసేదేముంది? మళ్ళీ వద్దాం పద" అంది.

దిగేటప్పుడు బెల్లాన్ని నా భుజాల మీద వేసుకున్నాను. దాని ఊపిరి నా మెడకు వెచ్చగా తగులుతోంది. నేను భయపడటం మరిచిపోయానని కిందికి వచ్చాక ఆవిడే గుర్తు చేసి, చాలాసేపు నవ్వింది. అంచు చూడలేదని ఒక్క మాట కూడా అనలేదు. దోహాకు తిరిగొచ్చిన మర్నాడే మెట్ల మీద ఉంది.

కాకినాడ ఆసుపత్రి నుంచి చివరిసారి మాట్లాడినప్పుడు గొంతు బాగా నీరసించింది. అయినా చెప్పాల్సింది చెప్పింది. "ఈసారి దానికి తోలు బూట్లు కుట్టించు. నేను రాలేకపోతే మీరిద్దరూ వెళ్ళండి."

"గట్ల మాట్లాడకు అక్కా. నువ్వొస్తవ్, అందరం కలిసే పోదాం."

"వస్తే మంచిదే. బూట్లు మాత్రం కుట్టించు" అంది.

ఆవిడ పోయాక కూతురు మళ్ళీ ఫోన్ చేసి, మొహమాటపడుతూ అడిగింది, బెల్లాన్ని ఎవరికైనా ఇచ్చేయాలా అని. నేను మా ఆవిడ వైపు చూశాను. కుక్క వంటింటి గడప దాటకూడదని మొదటి రోజే ఆజ్ఞ వేసిన మనిషి. బెల్లం ఆ గడప మీద తల పెట్టి పడుకుని ఉంది.

"ఎవ్వలకియ్యం అని చెప్పు" అంది మా ఆవిడ, చపాతీ మీద నుంచి చూపు తిప్పకుండా. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా రాలేదు.

దోహాలోనే నజ్మా బజారులో చెప్పులు బాగుచేసే పెషావర్ ముసలాయన దగ్గరికి బెల్లాన్ని తీసుకెళ్ళాను. కుక్కకు బూట్లా అని ఆయన ముందు నవ్వాడు. కొండ సంగతి, అక్కయ్య సంగతి చెప్పాక నవ్వు ఆపి, ఒక్కో పాదం చేతిలోకి తీసుకుని కొలిచాడు. రెండు పొరల తోలు వేశాడు. లోపల అతకడానికి మెత్తటిదేమైనా ఉంటే తెమ్మన్నాడు. ఆ ఉన్ని మేజోళ్ళు ఉతికి దాచి ఉంచాను. అవే ఇచ్చాను.

ఈ చలికాలం అదే బృందం వెనక నేనూ బెల్లమూ వెళ్ళాం. ఆ నల్లకొండ అలాగే ఉంది, అలాగే జారింది. రెండుసార్లు మోకాళ్ళ మీద పడ్డాను. ఇక చాలు అనిపించినప్పుడల్లా బెల్లం కాళ్ళు చూశాను. బూట్లు చెక్కుచెదరలేదు. ఎక్కి తీరాలని పళ్ళు బిగించి ఎక్కాను. చివరికి నేల సమమైంది, గాలి ఈడ్చి కొట్టింది. అంచు మీద నిలబడ్డాను. ఎదురుగా ఆవిడ చూడాలనుకున్న గొయ్యి, లోపల ఎర్రటి రాళ్ళు, అట్టడుగున నీడ.

"బెల్లం, దా, చూడు" అని పిలిచాను.

అది రాలేదు. అంచు మీదే గోతికి వీపు పెట్టి, మేం ఎక్కి వచ్చిన దారి వైపు తిరిగి నిలబడింది. చెవులు ముందుకు పెట్టి, కింద వాలు మీదే చూపు నిలిపి ఉంది. మాతో ఎక్కినవాళ్ళంతా అప్పటికే పైకి వచ్చేశారు. కొండ వాలు ఖాళీగా ఉంది. నేను మళ్ళీ పిలవలేదు. వెళ్ళి దాని పక్కన నిలబడి, నేనూ కిందికే చూశాను.